లాల్జీ సింగ్: పాముల డీఎన్‌ఏపై రీసెర్చ్.. కోర్టులో సాక్ష్యమైంది! హైదరాబాద్ సీసీఎంబీ సైంటిస్ట్ కథ ఇదీ

బిడ్డకు తండ్రి ఎవరు? హత్య జరిగిన చోట దొరికిన రక్తం ఎవరిది? ఇలాంటి కేసు ఏదొచ్చినా ఇప్పుడు మొదట వినిపించే మాట డీఎన్‌ఏ టెస్ట్. ఈ టెస్ట్‌ను మన సొంత టెక్నాలజీతో చేయొచ్చని హైదరాబాద్‌లో చేసి చూపించిన సైంటిస్ట్ డాక్టర్ లాల్జీ సింగ్. భారత డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ పితామహుడిగా పేరున్న ఆయన 2017 డిసెంబర్ 10న వారణాసిలో గుండెపోటుతో కన్నుమూశారు.

పాములతో మొదలు..

యూపీలోని జౌన్‌పూర్ జిల్లాలో ఓ రైతు కుటుంబంలో 1947లో పుట్టారు లాల్జీ. బనారస్ హిందూ యూనివర్సిటీలో పాముల క్రోమోజోములపై పీహెచ్‌డీ చేశారు. తర్వాత ఎడిన్‌బరోలో రీసెర్చ్ చేస్తూ, కట్లపాము జాతి డీఎన్‌ఏలో మళ్లీ మళ్లీ రిపీట్ అయ్యే ఓ భాగాన్ని గుర్తించారు. దాని పేరు బీకేఎం. అలాంటి రిపీట్లు మనుషుల్లోనూ ఉన్నాయి. ఒక్కొక్కరిలో ఒక్కో తీరుగా!

1987లో హైదరాబాద్ సీసీఎంబీలో చేరారు. అప్పటికే బ్రిటన్‌లో అలెక్ జెఫ్రీస్ డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ కనిపెట్టారు. లాల్జీ మాత్రం తన బీకేఎంతోనే ఇక్కడ సొంత పద్ధతి తయారుచేశారు.

ఎలా పనిచేస్తుంది?

డీఎన్‌ఏను ముక్కలు చేసి, సైజును బట్టి వేరు చేస్తారు. రిపీట్లు ఉన్నచోట గీతలు కనిపిస్తాయి. చూడ్డానికి బార్‌కోడ్‌లా ఉంటుంది. బిడ్డలోని ప్రతి గీత తల్లి నుంచో, తండ్రి నుంచో రావాల్సిందే. తల్లిలో లేని గీతలు తండ్రి అని చెబుతున్న వ్యక్తిలో ఉన్నాయా, లేదా? అక్కడే అసలు విషయం తేలిపోతుంది. ఇప్పటి టెస్టులు ఇంకా అడ్వాన్స్ అయ్యాయి కానీ, సూత్రం మాత్రం ఇదే.

కోర్టు మెట్లెక్కిన సైన్స్

కేరళలో ఓ మహిళ తన బిడ్డకు తండ్రి ఫలానా వ్యక్తేనని కోర్టుకెళ్లింది. అతను కాదన్నాడు. సీసీఎంబీ టెస్ట్ ఆమె మాటే నిజమని తేల్చింది. 1991లో కేరళ హైకోర్టు కూడా ఈ సాక్ష్యాన్ని సమర్థించింది. తర్వాత రాజీవ్ గాంధీ హత్య, నైనా సాహ్ని తందూర్ హత్య లాంటి కేసుల్లోనూ ఈ టెక్నాలజీ ఉపయోగపడింది.

శిష్యులే ముందు..

అండమాన్ ఆదివాసుల మూలాలపై 2005లో సైన్స్ జర్నల్‌లో వచ్చిన పేపర్ చూడండి. మొదటి పేరు తంగరాజ్, రెండోది జ్ఞానేశ్వర్ చౌబే, చివరి పేరు లాల్జీ సింగ్. ఇలాంటి పేపర్లలో మొదటి పేరు ప్రధానంగా పని చేసినవారిది, చివరిది దారి చూపినవారిది. ఆ తంగరాజ్ తర్వాత హైదరాబాద్‌లోనే సీడీఎఫ్‌డీ డైరెక్టర్ అయ్యారు. ఆ సంస్థ ఏర్పాటులో కీలక పాత్ర లాల్జీదే! చౌబే ఏమో గురువు చదివిన బనారస్ యూనివర్సిటీలోనే ప్రొఫెసర్.

లాల్జీ 1998 నుంచి 2009 వరకు సీసీఎంబీ డైరెక్టర్‌గా ఉన్నారు. వన్యప్రాణుల కోసం అత్తాపూర్‌లో లాకోన్స్ ల్యాబ్ తెచ్చారు. 2004లో పద్మశ్రీ అందుకున్నారు. 2011లో బనారస్ యూనివర్సిటీకి వీసీగా వెళ్లి, ఒక్క రూపాయి జీతమే తీసుకున్నారు.

పాముల్లో ఆడా మగా తేడా తెలుసుకోవాలన్న ప్రశ్నతో మొదలైన రీసెర్చ్ ఇది. దానివల్ల ఎవరికి లాభమని అప్పట్లో అడిగి ఉంటే జవాబు చెప్పడం కష్టమే. ఆ జవాబు ఏళ్ల తర్వాత కేరళ కోర్టులో ఓ తల్లికి దొరికింది.