కీచుమన్న బెల్టు

మా అంబాసడర్ 1972 నాటిది. ఉత్తరపారా ఫ్యాక్టరీలో ఆ కార్ల తయారీ 2014 లో ఆగిపోయినా, మాది మాత్రం ఆగనని మొండికేసింది. కాకపోతే పొద్దున్నే స్టార్టు చేయగానే తోక తొక్కిన పిల్లిలా కీచుమనేది. నేను బానెట్టు ఎత్తి, డైనమో బోల్టులు వదులుచేసి, దాన్ని బయటికి లాగి ఫ్యాన్ బెల్టు బిగించేవాణ్ణి. నాలుగు రోజులు నిశ్శబ్దం. మళ్లీ కీచు, మళ్లీ బిగింపు. ఇదీ నా వైద్యం!

2015 జూలైలో గోదావరి పుష్కరాలకు బెజవాడ నుంచి బయల్దేరాం. వెనకసీట్లో ఎనభై దాటిన మా అమ్మ, నా పక్కన బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరైన మా మామయ్య. భీమడోలు దాటాక మీటర్ల దగ్గర ఎర్రదీపం వెలిగింది.

"ఏదో వైరు ఊడివుంటుంది" అన్నాను ధీమాగా.

"ముందు ఆపరా అబ్బాయ్" అన్నాడు మామయ్య.

ఆపలేదు. రెండు మైళ్లు పోయేసరికి బానెట్టు సందుల్లోంచి ఆవిరి! దిగి రేడియేటరు మూత తిప్పబోతే మామయ్య నా చెయ్యి పట్టి లాగేశాడు. లేకపోతే మరిగే నీళ్లు మొహాన చిమ్మేవి.

ఈ బండిలో ఫ్యానూ, నీళ్ల పంపూ, డైనమో, మూడూ ఆ ఒక్క బెల్టు మీదే తిరుగుతాయి. అది తెగితే కరెంటు ఒక్కటే కాదు, ఇంజన్లో నీళ్ల ప్రవాహమూ ఆగిపోతుంది. ఎర్రదీపం చెప్పింది అదే. చదువుకున్నవాణ్ణి, నాకు అర్థం కాలేదు.

అమ్మను చింతచెట్టు నీడన కూర్చోబెట్టాం. "మూణ్ణెల్లనించీ అది ఏడుస్తూంటే నువ్వు నోరు నొక్కుతూ వచ్చావురా" అంది.

మామయ్య తెగిన బెల్టు చేతికిచ్చాడు. పక్కలు అద్దంలా మెరుస్తున్నాయి. లోపలివైపు వంచితే అడ్డంగా పగుళ్లు. ఈ రకం బెల్టు పుల్లీ గాడిని పక్కలతోనే పట్టుకోవాలి, అడుగు తగలకూడదు. అరిగిన బెల్టు లోపలికి దిగి అడుగున ఆనుకుంటుంది, జారుతుంది, కీచుమంటుంది. మా పుల్లీ గాడి అడుగు తళతళలాడుతోంది. అటువంటి బెల్టును ఎంత బిగించినా ఏం లాభం? పైగా నా బిగింపుల బరువంతా పంపు బేరింగు మీద పడింది. పుల్లీని చేత్తో పట్టి కదిపితే ఊగిసలాడింది.

ఏలూరు నుంచి కొత్త బెల్టు తెప్పించేసరికి మధ్యాహ్నం దాటింది. మామయ్య దాన్ని ఎక్కించి, పొడుగుపాటి చోట నడుమ బొటనవేలితో నొక్కాడు. అరంగుళం దిగింది.

"ఇంతే ఉండాలి. వీణతీగలా బిగించకు. ఊళ్లోకి వెళ్లగానే పంపు మార్పించు" అన్నాడు.

నెమ్మదిగా నడుపుకుంటూ కొవ్వూరు చేరేసరికి రేవులో దీపాలు వెలిగాయి. అమ్మ ఆ వెలుగులోనే మూడు మునకలు వేసింది. తిరిగొచ్చాక పంపు మార్పించాను. ఇప్పుడు డిక్కీలో స్టెప్నీ పక్కన ఒక కొత్త బెల్టు కూడా ప్రయాణం చేస్తూంటుంది.