చదరంగపు గడులలోని పెద్ద సంఖ్య



మా కొండాపురమున పొరుగింటి యిల్లాలొకతె నాలుగేండ్ల క్రిందట కుమార్తె పెండ్లికై లక్ష రూపాయలు ఋణము తెచ్చినది. "నూటికి నెలకు రెండు రూపాయలే గదా వదినా, అదెంత!" అని నాడు నాతో ననెను. మొన్న లెక్క చూడగా బాకీ రెండు లక్షల ముప్పదియారు వేలు దాటినది. ఇందేదో మోసమున్నదని యామె కన్నీరు పెట్టుకొనెను. లెక్కలో తప్పు లేదు. ఏటేట వడ్డీ అసలులో కలియునని పత్రమున వ్రాసియే యున్నది. అప్పుడు నేనామెకు చదరంగపు లెక్క చెప్పితిని.

చదరంగమున 64 గడులు గలవు. మొదటి గడిలో ఒక బియ్యపు గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు రెట్టించుచు పోవలెను. కిలోకు నలువదివేల గింజలనుకొందము. మొదటి వరుసకు 255 గింజలు, పిడికెడైన కావు. రెండవ వరుస ముగియునప్పటికి కిలోన్నరకు మించును. మూడవదానికి నాలుగు క్వింటాళ్లు. నాలుగవదానికి నూరు టన్నులు దాటును. ఇంకను సగము పలక మిగిలియే యున్నది!

మొత్తము 1844,67,44,07,37,09,55,16,15 గింజలు. ప్రపంచమంతట నేడు ఏటేట పండు బియ్యము ఎనిమిదివందల యేండ్లు కూడబెట్టినను చాలదు.

ఈ సంఖ్యను గూడికలు లేకయే కనుగొనవచ్చును. ఒకటియు రెండును మూడు. అది నాలుగునకు ఒకటి తక్కువ. నాలుగు చేర్చిన ఏడు. అది యెనిమిదికి ఒకటి తక్కువ. కావున మొత్తమెప్పుడును రాబోవు గడికి ఒకటి తక్కువగనే యుండును. 3, 5, 17, 257, 641, 65537, 6700417 అను ఏడు సంఖ్యలను గుణించినను ఇదియే వచ్చును. ఈ యేడింటిలో నేదియు మరి విభజింపబడదు.

మన పూర్వులకిది క్రొత్త గాదు. మహావీరాచార్యుని సంస్కృత గణితమును తెనిగించిన పావులూరి మల్లన పేరిట, ఈ యిరువది అంకెలను ఇరువది మాటలలో నిమిడ్చిన పద్యమొకటి ప్రసిద్ధము. శరములు అయిదు, చంద్రుడు ఒకటి, వేదములు నాలుగు, ఆకాశము సున్న. ఒకట్ల స్థానమునుండి యెడమకు వ్రాసికొని పోవలెను. తుదిమాట చంద్రుడు, దానికి ముందుది దిగ్గజము. అవియే మొదటనున్న పదునెనిమిది.

రెట్టింపు మొదట పిల్లివలె వచ్చును. అందుచేతనే మనము భయపడము. నెలకు రెండు రూపాయల వడ్డీ ఏటేట అసలులో కలిసినచో, మూడేండ్లు దాటిన కొలది నెలలకే ఋణము రెండవ గడి చేరును. మరి మూడేండ్లకు పైచిలుకు గడచిన మూడవ గడి.

మా పొరుగామె గాజులమ్మి బాకీ తీర్చుకొన్నది. "ఈ లెక్క పెండ్లికి ముందే చెప్పియుంటివా, వదినా!" అని యామె యన్నమాట నన్నింకను బాధించుచునే యున్నది. కావున సోదరీమణులారా, చేవ్రాలు చేయకమున్నే రెండు ప్రశ్నలడుగుడు: వడ్డీ అసలులో కలియునా? ఎన్నేండ్లకు రెట్టింపగును? మీ బాలికలకు గుప్పెడు బియ్యముతో ఈ లెక్క నేడే నేర్పుడు.