గోడకు లేత రంగా, ముదురు రంగా?

షేడ్ కార్డులో ముచ్చటగా ఉన్న బిస్కెట్ రంగు గోడలకు వేశాక ముదిరినట్టు కనిపిస్తుంది. ఎందుకు?

గోడ తన మీద పడిన వెలుతురులో కొంత పీల్చుకుని, మిగతాది తిప్పి పంపుతుంది. ఎంత తిప్పి పంపుతుందో చెప్పే అంకె ఎల్‌ఆర్‌వీ. 0 అంటే కటిక నలుపు, 100 అంటే స్వచ్ఛమైన తెలుపు. లేత బిస్కెట్ రంగుకు 70, ముదురుదానికి 40 ఉందనుకుందాం. వెలుతురు ఒక గోడకు తగిలి, ఎదుటి గోడకూ తగిలితే లేత రంగు గదిలో నూటికి 49 పాళ్లు మిగులుతుంది. ముదురు గదిలో 16 పాళ్లే! పైగా తగిలిన ప్రతిసారీ నీలం కాంతి ఎక్కువగా ఇంకిపోతుంది కాబట్టి రంగు ఇంకాస్త చిక్కబడుతుంది.

మరి ఎలా ఎంచుకోవాలి? కిటికీ చిన్నదైతే లేతది మేలు. ఎండ బాగా పడే పెద్ద గదికి ముదురుదైనా నప్పుతుంది, కళ్లు జిగేలుమనవు.

డబ్బాలు కొనేముందు పెద్ద అట్టముక్కకు రెండు కోట్లు వేసి ఆరనివ్వండి. నేలమీద కాదు, గోడకు ఆనించి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి చూడండి. పసుపు బల్బు కింద వెచ్చగా కనిపించే రంగు తెల్ల ఎల్‌ఈడీ కింద బూడిద రంగులోకి దిగొచ్చు. మీ ఇంట్లో వెలిగే దీపం కింద నచ్చిందే కొనండి.