పిల్లల హక్కులు: ట్యాబ్, మైకు, మూడు ప్రాజెక్టులు

నవంబరులో పిల్లలకు రెండు రోజులున్నాయి. 14న భారతదేశంలో బాలల దినోత్సవం, 20న ప్రపంచ బాలల దినోత్సవం. మొదటిది నెహ్రూగారి పుట్టినరోజు. రెండోది 1989లో ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికను ఆమోదించిన తేదీ. ఆ ఒడంబడికలో 54 అధికరణాలున్నాయి. భారతదేశం 1992లో అందులో చేరింది. మనముంటున్న అమెరికా 1995లో సంతకం పెట్టింది కానీ ఇంతవరకూ ధ్రువీకరించలేదు. పెద్ద పిల్లలు ఈ సంగతి తప్పకుండా అడుగుతారు, దాటవేయకుండా ఉన్నదున్నట్టు చెప్పండి.

ఇది సోషల్ స్టడీస్ పాఠం కదా, తెలుగు బడిలో ఎందుకు అనిపించొచ్చు. కారణం 30వ అధికరణంలో ఉంది. అల్పసంఖ్యాక భాష మాట్లాడే కుటుంబాల పిల్లలకు తమవాళ్ళతో కలిసి తమ భాష వాడుకునే హక్కును కాదనకూడదని అది చెబుతుంది. అంటే ఆదివారం పూట మనం నడిపే ఈ క్లాసు పిల్లల హక్కుకు సంబంధించినదే. 31వ అధికరణం విశ్రాంతి, ఆట కూడా హక్కులేనంటుంది. "ఆదివారం నా సాకర్ పోతోంది టీచర్" అనే పిల్లవాడి మాట కూడా హక్కుల మాటే. దాన్ని మొండితనంగా తీసుకోకుండా అక్కడినుంచే పాఠం మొదలుపెట్టండి.

ముందు భాష

హక్కుల గురించి మాట్లాడాలంటే మూడు రూపాలు రావాలి: చేయవచ్చు, చేయాలి, చేయకూడదు. "నేను ఆడుకోవచ్చు. బడి నాకు చోటివ్వాలి. ఎవరూ నన్ను కొట్టకూడదు." బోర్డు మీద మూడు గడులు గీసి ఒక్కో హక్కునూ మూడు రకాలుగా చెప్పించండి. అప్పుడు ఒకరి హక్కు మరొకరి బాధ్యత అని వ్యాకరణంలోనే కనిపిస్తుంది.

ఇంగ్లీషులో ఆలోచించే పిల్లలు "నేను హక్కు కలిగి ఉన్నాను" అంటారు. తెలుగులో అది "నాకు చదువుకునే హక్కు ఉంది." ఆకలేసినా, జ్వరమొచ్చినా, హక్కున్నా మనకు "నాకు" అనే రావాలి. ఇంకో చిక్కు, "కావాలి" అనే మాట. ఐస్‌క్రీమూ కావాలి, మంచినీళ్ళూ కావాలి. ఏది కోరిక, ఏది అవసరం అన్నది ఆ మాట చెప్పదు, పిల్లలే తేల్చుకోవాలి. పది నిమిషాల చర్చకు ఇది చాలు.

ప్రాజెక్టు 1: బొమ్మ, ఒక్క వాక్యం (6–8 ఏళ్ళు)

ప్రతి పిల్లా ఒక హక్కుకు కాగితం మీద బొమ్మ వేస్తుంది. ఆ బొమ్మను మాత్రమే ట్యాబ్‌తో ఫోటో తీసి, దాని మీద తన గొంతుతో ఒక వాక్యం రికార్డు చేస్తుంది. అన్నీ స్లైడ్లలో పెడితే క్లాసు పుస్తకం తయారవుతుంది. నచ్చేదాకా మళ్ళీ రికార్డు చేసుకోనివ్వండి. అందరి ముందూ నోరు విప్పని పిల్లలు మైకు ముందు నాలుగైదుసార్లు చెప్పి చూసుకుంటారు. ఉచ్చారణ సాధన మనం అడగకుండానే జరిగిపోతుంది.

ప్రాజెక్టు 2: ఇద్దరి మాటలు (9–11 ఏళ్ళు)

స్క్రాచ్‌లో రెండు పాత్రల మధ్య సంభాషణ. అకౌంటు లేకుండానే వాడొచ్చు, ఫైలు కంప్యూటర్లోనే దాచుకోవచ్చు. విషయం 12వ అధికరణం: తనకు సంబంధించిన విషయాల్లో పిల్లల అభిప్రాయం వినాలి, వయసునూ పరిణతినీ బట్టి దానికి విలువివ్వాలి. ఉదాహరణకు, అమ్మ కూచిపూడి క్లాసులో చేర్చాలనుకుంటుంది, కూతురు వద్దంటుంది. ఇద్దరికీ తలా నాలుగు మాటలు రాయించండి. నియమం ఒక్కటే, అమ్మ పాత్రను విలన్ చేయకూడదు. వినడమంటే అడిగినదానికల్లా ఒప్పుకోవడం కాదని, అడక్కుండా తేల్చేయడమూ కాదని పిల్లలు రాస్తూ రాస్తూ గ్రహిస్తారు.

ప్రాజెక్టు 3: తాతయ్యా, మీరెంతవరకు చదివారు? (12 ఏళ్ళు పైబడినవారు)

అమ్మమ్మకో, తాతయ్యకో, ఊళ్ళో ఉన్న పెద్దవాళ్ళకో ఫోన్ చేసి ఐదు ప్రశ్నలడగాలి. ఏ క్లాసుదాకా చదివారు? ఎందుకు ఆగింది? అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్ళకూ ఒకే చదువా? బడికి వెళ్ళనివాళ్ళు ఏం చేసేవారు? మళ్ళీ అవకాశమొస్తే ఏం చదివేవారు? రికార్డు చేసేముందు అనుమతి అడగడం ఆరో ప్రశ్న కాదు, మొదటి మాట. అటువైపు పగలో రాత్రో చూసుకుని చేయమనండి.

విన్నవాటిని ఒక కాలరేఖ మీద పెట్టించండి. 1986లో బాలకార్మిక నిషేధ, నియంత్రణ చట్టం. 2002లో రాజ్యాంగ సవరణతో విద్య ప్రాథమిక హక్కయింది. 2009లో విద్యాహక్కు చట్టం, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు ఉచిత, నిర్బంధ విద్య. ఈ "నిర్బంధ" అనే మాట పిల్లల్ని భయపెడుతుంది. బంధించేది పిల్లల్ని కాదు, చట్టం కట్టడి చేసేది ప్రభుత్వాన్ని అని విడమరచండి. రంగారెడ్డి జిల్లాలో పనికి వెళ్ళే పిల్లల్ని బడికి చేర్చిన ఎం.వి. ఫౌండేషన్ గురించీ, ఆ పనికి 2003లో మెగసెసే పురస్కారం అందుకున్న శాంతా సిన్హాగారి గురించీ చెప్పండి. ఇదంతా ఎక్కడో పుస్తకాల్లో జరిగింది కాదు, మనవాళ్ళ మధ్య జరిగిందని తెలుస్తుంది.

కొన్ని జవాబులు బరువుగా ఉంటాయి. "చెల్లెల్ని చూసుకోడానికి నన్ను మూడో క్లాసులో మాన్పించారు" అని అమ్మమ్మ చెబితే పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకోవచ్చు. ఆ జవాబు క్లాసులో చదవాలా వద్దా అన్నది ఆ అమ్మమ్మ, ఆ పిల్ల తేల్చుకోవాలి. మార్కులు దానికి ముడిపెట్టకండి.

వాట్సాప్‌లో పెట్టేముందు

ఈ యూనిట్‌లో అసలు పరీక్ష మనకే. ప్రాజెక్టులు బాగా వస్తే తల్లిదండ్రులు వీడియో అడుగుతారు, బడివాళ్ళు పేజీలో పెడతామంటారు. 16వ అధికరణం పిల్లలకు గోప్యత హక్కుందని చెబుతుంది. 13 ఏళ్ళలోపు పిల్లల వివరాలు సేకరించే ఆన్‌లైన్ సేవలు ముందు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలని అమెరికా చట్టం కూడా చెబుతోంది. అందుకని:

• పిల్లలకు అకౌంట్లు తెరవొద్దు. ముఖం, ఇంటిపేరు, బడి పేరు ప్రాజెక్టులో రానివ్వొద్దు.
• తల్లిదండ్రుల సంతకం తీసుకోండి. తర్వాత పిల్లల్నీ విడిగా అడగండి.
• సంతకం ఉన్నా పిల్ల వద్దంటే, వద్దనే.
• టర్మ్ అయ్యాక రికార్డింగులు ఇంటికిచ్చి, మన దగ్గరున్నవి చెరిపేయండి.

మూడో నియమం పాటించడం కష్టం. అందరి వీడియోలూ వచ్చి తమ అమ్మాయిదొక్కటే రాలేదని ఒక తండ్రి నొచ్చుకోవచ్చు. "తనకు ఇష్టం లేదన్నదండీ, ఈ నెలంతా మేం నేర్పింది అదే" అని మర్యాదగా చెప్పండి. ఆ అమ్మాయి వింటూ ఉంటుంది.