తుపాకిమందుకు కొలతా, తూకమా?

మానికెడు బియ్యము, మానికెడు బొరుగులు కొలతలో సమానమే. త్రాసులో వేస్తే మాత్రము సమానము కావు. ఇది చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి. అయితే ఇంత చిన్న సంగతిని మరచినందువల్ల ఉక్కుగొట్టము పగిలి మనిషి ప్రాణము మీదికి వచ్చే సందర్భము ఒకటి ఉన్నది. అమెరికాలో పాతకాలపు పద్ధతి తుపాకులతో వేటాడేవారు అంగడికి వెళ్లి వాటికి మందు కొనుక్కునే సందర్భమది. ఆ అంగడిలోని అరల మీద ఉండే డబ్బాలను ఒక్కొక్కటిగా పరిశీలిస్తే సాంద్రత, దహనము, ద్రావణీయత అనే మూడు పాఠాలు అక్కడ మనకు ఎదురవుతాయి.

ఇప్పటి తుపాకులలో గుండు, మందు, నిప్పు పుట్టించే టోపీ అన్నీ ఒకే తూటాలో ఇమిడి ఉంటాయి. కొలత సంగతి తూటా చేసినవారే చూసుకుంటారు. పాతకాలపు తుపాకి అలాంటిది కాదు. మందును గొట్టము మూతిలో పోసి, దానిపైన సీసపు గుండు పెట్టి, కడ్డీతో అడుగువరకు దట్టించాలి. పిమ్మట చెకుముకి రాతి నిప్పురవ్వతో పళ్లెములోని రంజకాన్ని మండించి గాని, టోపీని సుత్తితో కొట్టి గాని మందును అంటిస్తారు. మన పల్లెలలో నాటు తుపాకులని పిలిచేవి ఈ జాతివే.

అమెరికాలోని పెక్కు రాష్ట్రాలలో జింకల వేటకు ఇటువంటి తుపాకులు వాడేవారికని ప్రత్యేకముగా కొన్ని దినాలు కేటాయిస్తారు. అందుచేత అక్కడ ఈ పాత తుపాకులకు నేటికీ గిరాకి ఉన్నది. వేట, చేపలు పట్టడము, ఆరుబయట విడుదులు మొదలైనవాటికి కావలసిన సరంజామా అంతా అమ్మే పెద్ద అంగళ్లలో ఈ మందు కూడా దొరుకుతుంది. వీటిలో కబేలాస్ 1961లో నెబ్రాస్కా రాష్ట్రములోను, బాస్ ప్రో షాప్స్ 1972లో మిస్సోరీ రాష్ట్రములోను ఆరంభమైనవి. 2017లో రెండవ సంస్థ మొదటిదానిని కొన్నది.

నల్లమందు స్వభావము

ఈ తుపాకులకు మొదటినుంచి వాడుకలో ఉన్నది నల్లమందు. దీనిలో నాలుగింట మూడువంతులు సూరేకారము. తక్కినది బొగ్గు, గంధకము. మూసి ఉన్న గొట్టములో గాలి చొరబడకపోయినా ఈ మందు ఎలా మండుతున్నది? దహనానికి కావలసిన ఆమ్లజని సూరేకారములోనే ఉన్నది. వేడి తగలగానే అది ఆమ్లజనిని విడుస్తుంది. బొగ్గు, గంధకము దానిని అందుకొని మండుతాయి.

మందు మండగా వచ్చేదంతా వాయువే అనుకోరాదు. బొగ్గుపులుసు వాయువు, నత్రజని మొదలైన వాయువులు దాని బరువులో సగముకన్న తక్కువే. సగానికి పైగా పొటాషియం కార్బొనేటు, పొటాషియం సల్ఫేటు వంటి ఘనపదార్థాలు మిగులుతాయి. దట్టమైన తెల్లని పొగగా బయటికి వచ్చేవి, గొట్టము లోపల మసిగా పేరుకునేవి ఇవే.

నల్లమందు డబ్బా మీద ఎఫ్ అనే అక్షరము ఒకటి, రెండు, మూడు, నాలుగుసార్లు ముద్రించి ఉంటుంది. ఎఫ్‌లు పెరిగినకొద్దీ పలుకు సన్నన అన్నమాట. ఒక ఎఫ్ మందు పెద్ద గొట్టాలకు, రెండు ఎఫ్‌లది సాధారణమైన వేట తుపాకులకు, మూడు ఎఫ్‌లది చిన్న గొట్టాలకు, నాలుగు ఎఫ్‌లది రంజకానికి వాడతారు. పలుకు పరిమాణానికి ఇంత ప్రాముఖ్యము ఎందుకు? మంట పలుకు ఉపరితలము నుంచి లోపలికి ప్రాకుతుంది. ఒక సెంటీమీటరు భుజముగల ఘనము ఉపరితలము 6 చదరపు సెంటీమీటర్లు. దానినే ఒక్కొక్క మిల్లీమీటరు భుజముగల 1000 ఘనాలుగా కోస్తే మొత్తము ఉపరితలము 60 చదరపు సెంటీమీటర్లవుతుంది. పదార్థము అంతే, మంట అంటుకొనే చోటు పదిరెట్లు. దుంగకన్న పేళ్లు త్వరగా మండటానికి కారణము కూడా ఇదే.

అసలు మందుకు బదులు మందు

అయితే పెద్ద అంగళ్ల అరల మీద అసలైన నల్లమందు అరుదు. దానికి కారణము చట్టము. అమెరికా కేంద్రచట్టము నల్లమందును ప్రేలుడు పదార్థముగా పరిగణిస్తుంది. అమ్మేవారికి ప్రత్యేకమైన లైసెన్సు, నిల్వకు ప్రత్యేకమైన గిడ్డంగి ఉండాలి. క్రీడకు, వినోదానికి, సాంస్కృతిక ఉత్సవాలకు పురాతన పద్ధతి తుపాకులలో వాడుకొనేవాడు మాత్రము 50 పౌనుల వరకు, అంటే సుమారు 22.7 కిలోగ్రాముల వరకు, కేంద్రప్రభుత్వ అనుమతిపత్రము లేకుండానే కొనవచ్చును. రాష్ట్రాల నిబంధనలు వేరువేరుగా ఉంటాయి. ఇంత శ్రమ ఎందుకని పెక్కు అంగళ్లవారు దానిని అమ్మడమే మానుకున్నారు.

తయారుచేసేవారు కూడా కొద్దిమందే. లూసియానా రాష్ట్రములో గోయెక్స్ అనే పేరుతో నల్లమందు తయారుచేస్తుండిన కర్మాగారాన్ని హడ్జ్‌డన్ సంస్థ 2021లో మూసివేసినది. 2022లో ఎస్టెస్ సంస్థ దానిని కొని తిరిగి నడిపించడానికి పూనుకున్నది. పిల్లలు ఎగురవేసే బొమ్మరాకెట్లకు పేరుపొందిన సంస్థ ఇదే. ఆ రాకెట్లలో మండేది కూడా నల్లమందే.

ఈ లోటును పూరించడానికి పుట్టినవే బదులు మందులు. 1970లలో వచ్చిన పైరోడెక్స్ వీటిలో ప్రసిద్ధమైనది. దానిని రూపొందించిన డాన్ పావ్లక్ 1977లో తన కర్మాగారములో జరిగిన ప్రమాదములోనే మరణించాడు. సురక్షితమని చెప్పుకొనే మందు కూడా మందే అనడానికి ఇంతకన్న నిదర్శనము అక్కరలేదు. గంధకము లేకుండా చేసిన ట్రిపుల్ సెవెన్ మరొక బదులు మందు. ఇవి అంటుకోవడానికి నల్లమందుకన్న ఎక్కువ వేడి కావాలి. నిల్వలో అది మంచి గుణమే. కాని చెకుముకి రాతి నిప్పురవ్వ వీటికి సాధారణముగా చాలదు. అందువల్ల చెకుముకి తుపాకి గలవాడు ఎంత దూరమైనా వెళ్లి అసలైన నల్లమందునే వెతుక్కోవాలి.

కొలపాత్రలోని కిటుకు

ఇప్పుడు మొదట చెప్పిన సంగతికి వద్దాము. ఆ దేశములో మందును గ్రెయిన్లలో లెక్కిస్తారు. గ్రెయిన్ అనేది తూకము. 7000 గ్రెయిన్లు ఒక పౌను. ఒక గ్రెయిన్ సుమారు 0.065 గ్రాములు. మన కంసాలుల గురిగింజ ఎత్తులో సగముకన్న కొంచెము ఎక్కువ. కాని వేటగాడు అడవిలో త్రాసు పట్టుకొని తిరగడు. ఒక చిన్న ఇత్తడి కొలపాత్రతో మందు కొలుస్తాడు. దానిమీద 50, 80, 100 అని గీతలుంటాయి. 100 గీతవరకు నల్లమందు పోస్తే దాని బరువు సుమారు 100 గ్రెయిన్లు, అంటే 6.5 గ్రాములు ఉంటుంది. ఆ గీతలు నల్లమందును బట్టి పెట్టినవి. పాత్ర కొలిచేది ఘనపరిమాణము. గీతమీది అంకె మాత్రము నల్లమందు బరువు. చిక్కంతా ఇక్కడనే ఉన్నది.

పైరోడెక్స్ నల్లమందుకన్న తేలిక. అదే 100 గీతవరకు పోస్తే దాని బరువు సుమారు 70 గ్రెయిన్లే. అయినా తుపాకిలో దాని బలము కొలతకు కొలతగా నల్లమందుతో ఇంచుమించు సరిపోయేటట్లు తయారుచేశారు. కనుక దానిని కొలపాత్రతో కొలవాలి, తూచరాదు. ఇక బుద్ధిమంతుడొకడు కొలతకన్న తూకము నిక్కచ్చి అనుకొని, త్రాసులో 100 గ్రెయిన్ల పైరోడెక్స్ తూచినాడనుకోండి. 70 చాలినచోట 100 పోసినట్లయినది. 100ను 70తో భాగిస్తే 1.43. అంటే కావలసినదానికన్న నూటికి 43 వంతులు ఎక్కువ మందు గొట్టములో పడినది. త్రాసు తప్పు చెప్పలేదు. అడిగిన ప్రశ్నే తప్పు.

ట్రిపుల్ సెవెన్ సంగతి మరొక విధము. కొలతకు కొలతగా అది నల్లమందుకన్న బలమైనది. నల్లమందుతో వచ్చే వేగమే రావాలంటే కొలతను నూటికి 15 వంతులు తగ్గించుకోవాలని తయారీదారులు చెబుతారు. అనగా 100కు బదులు 85. కనుక ఒక మందుకు నేర్చుకున్న అంకెను మరొక మందుకు వాడరాదు. ఏ డబ్బాకు ఆ డబ్బా మీది సూచన, ఏ తుపాకికి ఆ తుపాకి తయారీదారు పెట్టిన హద్దు చదివి తీరాలి.

రంగును నమ్మరాదు

అదే అంగడిలో మరొక అర మీద పొగలేని మందు ఉంటుంది. దీనిని 1884లో ఫ్రాన్సు దేశీయుడు పాల్ వియెయ్ కనుగొన్నాడు. ఇది నైట్రోసెల్యులోజుతో చేసినది. ఇప్పటి తూటాలలో వాడేది ఇదే. దీని పలుకులకు తరచు గ్రాఫైటు పూత పూస్తారు కనుక ఇది కూడా నల్లగానే కనబడుతుంది. ఆ రంగు చూసి నల్లమందు అనుకున్నవానికి ముప్పు తప్పదు.

పొగలేని మందు మండితే దాదాపు అంతా వాయువే అవుతుంది. అంతేకాక ఒత్తిడి పెరిగినకొద్దీ దాని దహనవేగము బాగా పెరుగుతుంది. దహనము పెరిగితే ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగితే దహనము ఇంకా పెరుగుతుంది. నల్లమందులో ఈ గుణము చాలా స్వల్పము. నల్లమందు ఒత్తిడికి తగినట్లు చేసిన గొట్టములో పొగలేని మందును అదే కొలతతో పోస్తే, గుండు కదిలేలోపలే గొట్టము పగలవచ్చును. ఆ మందుకోసమే ప్రత్యేకముగా చేసిన కొద్దిపాటి తుపాకులలో తప్ప, మూతినుంచి కూరే తుపాకులలో పొగలేని మందు ఎన్నడూ వాడరాదు.

తక్కిన సరంజామా

మందుతోపాటు కొనవలసినవాటిలో కొలపాత్ర ముఖ్యమైనది. డబ్బానుంచి తిన్నగా గొట్టములోకి మందు పోయరాదు. క్రితము కాల్పు తాలూకు నిప్పుకణిక అడుగున మిగిలి ఉంటే చేతిలోని డబ్బా మొత్తము అంటుకుంటుంది. కొలపాత్రలో ఉన్నది ఒక్క కాల్పుకు సరిపడే మందే కనుక ప్రమాదము అంతటితో ఆగుతుంది.

గొట్టము శుభ్రపరచడానికి ఖరీదైన ద్రవాలు చాలా అమ్ముతారు. కాని నల్లమందు మసిలోని పొటాషియం లవణాలు నీటిలో కరిగేవి. సబ్బు కలిపిన వేడినీటితో కడిగి, పొడిగా తుడిచి, నూనె పట్టిస్తే చాలును. ఆ లవణాలు గాలిలోని తేమను పీల్చి ఇనుమును త్రుప్పు పట్టిస్తాయి. పైరోడెక్స్‌లో పొటాషియం పెర్‌క్లోరేటు కూడా ఉన్నందున దాని మసిలో క్లోరైడు మిగులుతుంది. ఉప్పుగాలికి ఇనుము త్రుప్పు పట్టినట్లే ఇదీను. అందుచేత ఏ మందు వాడినా ఆనాడే కడగాలి.

ఇంటికి తెప్పించుకునేవారు మందుకు, టోపీలకు అపాయకర వస్తువుల రవాణా రుసుము అదనముగా చెల్లించాలి. డబ్బా చవక అని ఒక్కటే తెప్పించుకున్నవానికి రుసుమే బరువవుతుంది.

మన దేశములో 1959 ఆయుధాల చట్టము ప్రకారము మూతినుంచి కూరే తుపాకికి కూడా లైసెన్సు కావాలి. మందును తయారుచేయడము, నిల్వచేయడము చట్టానికి లోబడినవే. విద్యార్థులు వీటితో ఎటువంటి ప్రయోగమూ చేయరాదు. దీనిలోని సూత్రాన్ని తెలుసుకోవడానికి మందు అక్కరలేదు. ఉపాధ్యాయులు ఒక గ్లాసు ఇసుక, అదే గ్లాసుతో బియ్యము, బొరుగులు కొలిపించి, ఒక్కొక్కదానిని తూపించి, బరువును ఘనపరిమాణముతో భాగింపజేయవచ్చును. పిమ్మట గ్లాసుమీద ఇసుక బరువును బట్టి గీతలు గీసి, ఆ గీతలతో బొరుగుల బరువు చెప్పమనవచ్చును. తప్పు ఎక్కడ వచ్చినదో పిల్లలే పట్టుకుంటారు. కొలపాత్ర మీద అంకె కనబడగానే, అది ఏ పదార్థాన్ని బట్టి వేసిన అంకె అని అడగడము వారికి అలవాటైతే ఈ పాఠము ఫలించినట్లే.