మూత్రాశయ క్యాన్సర్: పాకేదేది, పాకనిదేది?

మూత్రాశయంలో కణితి ఉందని తేలాక యూరాలజిస్టు ముందుగా ఆరా తీసేది దాని సైజు గురించి కాదు, లోతు గురించి. మూత్రాశయం లోపలి గోడకు యూరోథీలియం అనే పలచని పొర ఉంటుంది. దాని అడుగున మెత్తని కణజాలం, ఆ అడుగున మూత్రాన్ని బయటికి నెట్టే కండరం. కణితి కండరం దాకా రాకపోతే దూర్బీనుతో చూస్తూ గోకి తీసేసి, అవసరమైతే బీసీజీ మందు లోపలికి ఎక్కించి, మూత్రాశయాన్ని చాలావరకు కాపాడుకోవచ్చు. కండరంలోకి దిగిందంటే చాలామందికి కీమోథెరపీ ఇచ్చి మూత్రాశయాన్నే తీసేయాల్సి వస్తుంది. రోగం బయటపడే నాటికి నూటికి 75 మందిలో కణితి పైపొరల్లోనే ఉంటుంది. వాటిలో రేపు లోతుకు దిగేదేది? గత నలభై ఏళ్లుగా జన్యు పరిశోధకులు తవ్వుతున్న ప్రశ్న ఇదే.

వాళ్లకు ఎదురైన మొదటి వింత ఏమిటంటే, కణితికి పెరగడం వేరు, పాకడం వేరు.

కణం పైన ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 అనే రిసెప్టర్ ఉంటుంది. బయటి నుంచి పెరుగుదల ప్రోటీన్ వచ్చి తగిలినప్పుడు రెండు రిసెప్టర్లు జతకట్టి, విభజన మొదలుపెట్టమని లోపలికి కబురు పంపుతాయి. మూత్రాశయ కణితుల్లో తరచూ కనిపించే మ్యుటేషన్‌లో ఈ ప్రోటీన్‌లోని 249వ స్థానంలో సెరీన్ పోయి సిస్టీన్ వచ్చి కూర్చుంటుంది. సిస్టీన్‌లో గంధకం ఉంది. పక్కపక్కనున్న రెండు రిసెప్టర్ల గంధకాలు బంధం వేసుకుంటాయి. ఇక ఆ జత విడదు. బయటి నుంచి ఎవరూ తట్టకపోయినా లోపలికి కబురు వెళుతూనే ఉంటుంది.

ఆ కబురు అందుకునేవాళ్లలో ముఖ్యమైనది రాస్ ప్రోటీన్. స్విచ్ లాంటిది. పని కాగానే తనంతట తనే ఆగిపోవాలి. మనిషి కణితి నుంచి వేరుచేసిన తొలి క్యాన్సర్ జన్యువు ఈ కుటుంబానిదే. దొరికింది మూత్రాశయ క్యాన్సర్ కణాల్లోనే. 1982లో అమెరికాలో రాబర్ట్ వైన్‌బర్గ్, మైఖేల్ విగ్లర్, మరియానో బర్బాసిద్ బృందాలు ఇంచుమించు ఒకేసారి దాన్ని పట్టుకున్నాయి. మామూలు జన్యువుకూ దానికీ తేడా ఒకే ఒక్క అక్షరం. ఆ తప్పుతో 12వ స్థానంలో గ్లైసీన్‌కు బదులు వాలీన్ చేరి, స్విచ్ ఆగడం మానేసింది. ఎఫ్‌జీఎఫ్‌ఆర్3, రాస్ రెండూ ఒకే కణితిలో చెడిపోయి ఉండడం అరుదు. దారి ఒకటే అయినప్పుడు ఒకచోట చెడితే చాలు కదా!

ఇంత ఎడతెరిపి లేని సంకేతం ఉన్న కణితి ప్రమాదకరమై ఉండాలి. జరిగేది దాదాపు తలకిందులు. ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 మ్యుటేషన్ ఎక్కువగా కనిపించేది పూగుత్తిలా మూత్రాశయపు ఖాళీలోకి పెరిగే తక్కువ స్థాయి కణితుల్లోనే. అవి గోకితే మళ్లీ మొలుస్తాయి, మళ్లీ గోకించుకోవాలి, విసిగిస్తాయి. కండరంలోకి దిగేవి మాత్రం కొన్నే. లోతుకు దిగేవాటిలో ఎక్కువగా చెడేది కాపలా వ్యవస్థ: డీఎన్ఏ దెబ్బతింటే కణాన్ని ఆపే పీ53, విభజన గేటు దగ్గర నిలబడే ఆర్‌బీ. 2017లో అమెరికా క్యాన్సర్ జీనోమ్ అట్లాస్ బృందం కండరంలోకి దిగిన 412 కణితులను పరీక్షిస్తే దాదాపు సగంలో పీ53 జన్యువు చెడిపోయి ఉంది.

అయితే పీ53 పరీక్ష చేస్తే భవిష్యత్తు తెలిసిపోతుందా? 1990లలో చాలామంది అలాగే నమ్మారు. కణితి ముక్కకు రంగు వేసినప్పుడు పీ53 పోగుపడినట్టు కనిపిస్తే క్యాన్సర్ తిరగబెట్టే అవకాశం ఎక్కువని పాత శాంపిళ్ల మీద చేసిన అధ్యయనాలు చెప్పాయి. అప్పుడు దాన్ని కొత్త రోగుల మీద పరీక్షకు పెట్టారు. మూత్రాశయం తీసేసిన 499 మంది కణితులను పరిశీలిస్తే 272 మందిలో పీ53 కనిపించింది. వాళ్లలో 114 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఎం-వీఏసీ అనే కీమో ఇచ్చారు, రెండో జట్టును కనిపెట్టి చూశారు. 2011లో ఫలితం వెలువడింది. కీమో తీసుకున్నా తీసుకోకపోయినా, పీ53 కనిపించినా కనిపించకపోయినా, ఐదేళ్లలో క్యాన్సర్ తిరగబెట్టింది ఇంచుమించు నూటికి 20 మందికే. పరీక్షను మధ్యలోనే ఆపేశారు.

మూత్రాశయ క్యాన్సర్ మార్కర్ల (రోగం తీరును ముందే చెప్పే గుర్తుల) చరిత్రలో ఇంత విలువైన ఓటమి మరొకటి లేదని నా అభిప్రాయం. పాత ఫైళ్లలో మెరిసిన మార్కర్ రోగి ముందు నిలబడకపోవచ్చని అది చూపించింది. పైగా పీ53 జన్యువు పూర్తిగా ఊడిపోయిన కణితిలో ప్రోటీనే ఉండదు, రంగు పడదు, రిపోర్టు బాగుందని వస్తుంది.

ఆ తర్వాత వచ్చిన వర్గీకరణలు మరింత తెలివైనవి. వేల జన్యువుల చురుకుదనాన్ని ఒకేసారి కొలిచి, 2020లో అంతర్జాతీయ బృందం కండరంలోకి దిగిన కణితులను ఆరు తెగలుగా విడదీసింది. న్యూరోఎండోక్రైన్ కణాల లక్షణాలున్న తెగ అన్నిటికన్నా మొండిది. కానీ రోజువారీ చికిత్సలో ఈ తెగ పేరు చూసి మందు రాసే స్థితి ఇంకా రాలేదు.

మందును నిర్ణయించగలిగిన మార్కర్లే నిలిచాయి. సాధుగుణం అనుకున్న ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 ఇక్కడ ఉపయోగపడింది. ముదిరిన క్యాన్సర్‌లో ఆ మార్పు ఉన్నవాళ్ల కోసం ఎర్డాఫిటినిబ్ మాత్రకు అమెరికాలో 2019లో అనుమతి వచ్చింది. ఇంకొకటి రక్తంలో తేలే కణితి డీఎన్ఏ తునకలు. ఆపరేషన్ తర్వాత కూడా అవి కనిపిస్తే ఎక్కడో క్యాన్సర్ మిగిలి ఉందన్నమాట. అలాంటివాళ్లను ఎంచి ఇమ్యునోథెరపీ ఇస్తే ఆయుష్షు పెరుగుతోందని 2025లో వెలువడిన పరీక్ష చూపించింది.

ఇంత జరిగినా, మొదటి నిర్ణయాన్ని నడిపించేది ఇప్పటికీ ఆ లోతే. కణితిని గోకి తీసిన ముక్కలో కండరం లేకపోతే కండరంలోకి దిగిందో లేదో పెథాలజిస్టు చెప్పలేడు. అలాంటప్పుడు, మరీ తక్కువ స్థాయి పైపొర కణితి అయితే తప్ప, మళ్లీ గోకి చూడడం మంచిదని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. మీ ఇంట్లో ఎవరికైనా ఈ బయాప్సీ రిపోర్టు వస్తే, ముక్కలో కండరం ఉందని రాశారో లేదో డాక్టరుగారిని అడగండి.