చెత్త కింద దొరికిన మెట్లబావి

మీ వీధి చివర ఓ పాత బావి ఉందనుకోండి. అందులో నీళ్లు ఎవరూ తోడుకోవడం లేదు. నిన్నటి పూజలో పూలు, పగిలిపోయిన దేవుడి పటం, పండక్కి ఇల్లు దులిపితే వచ్చిన పాత సామాను ఎక్కడ పడేస్తారు? నిజం చెప్పండి!

సికింద్రాబాద్‌లోని బన్సీలాల్‌పేట మెట్లబావికి సరిగ్గా ఇదే గతి పట్టింది. నాగన్నకుంట అని దీనికి ఇంకో పేరుంది. బిందె చంకన పెట్టుకుని రాతిమెట్లు దిగి నీళ్లు ముంచుకునే బావి. కుళాయిలొచ్చాక ఆ మెట్లు దిగే పని తప్పింది. అంతే! ఒక ఇంటి నుంచి ఓ కవరు, ఇంకో ఇంటి నుంచి ఓ బుట్టెడు మట్టి... ఎవరూ పనిగట్టుకుని పూడ్చలేదు. ఏళ్ల తరబడి పడిందేదో పడుతూనే ఉంటే, చివరికి అక్కడ బావి ఉందన్న సంగతే మరుగున పడిపోయింది.

2021లో పూడిక తీత మొదలైంది. ‘రెయిన్ వాటర్ ప్రాజెక్ట్’ నడుపుతున్న ఆర్కిటెక్ట్ కల్పనా రమేష్ చొరవ తీసుకున్నారు, జి.హెచ్.ఎం.సి. తోడొచ్చింది. బస్తీవాసుల సహకారమూ కావాలి కదా! ఒకవైపు తోడుతుంటే మరోవైపు చెత్త పడేస్తుంటే ఎన్నాళ్లకి తెమిలేను? లారీలకొద్దీ చెత్త, మట్టి తీశాక అంతస్తులుగా కట్టిన రాతి కట్టడం, అడుగున నీళ్లు బయటపడ్డాయి. 2022 మార్చిలో ప్రధాని ‘మన్ కీ బాత్’లో ఈ బావి ప్రస్తావన తెచ్చారు. ఆ ఏడు డిసెంబర్ 5న బావిని తిరిగి ప్రారంభించారు.

గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలోని ‘బడీ బావోలీ’ది మరో రకం కష్టం. 2013 వానలకి దాని గోడ ఒకటి కూలిపోయింది. ఆగాఖాన్ ట్రస్టు వాళ్లు మళ్లీ కట్టించారు. 2022లో గోల్కొండ మెట్లబావులకు యునెస్కో అవార్డు కూడా వచ్చింది.

ఇలాంటి చోట సిమెంటు పనికిరాదు. అది తేమని లోపలే బంధించేస్తుంది, రాయి పొరలు పొరలుగా ఊడిపోతుంది. గానుగ సున్నమే వాడాలి. పూర్వం ఆ సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ కషాయం కలిపేవారు. చూశారా, అన్నీ మన ఇంట్లో ఉండేవే!

మరి మన ఊళ్లో పాత గుడి మాటేమిటి? ఉత్సవాలు రాగానే కమిటీవాళ్లు భక్తితోనే రాతి స్తంభాలకి ఆయిల్ పెయింట్ కొట్టించేస్తారు. చందా ఇచ్చేవాళ్లలో మనమూ ఉంటాం. ‘‘రంగెందుకండీ, ఆ డబ్బుతో పైకప్పు కారకుండా చూడకూడదా?’’ అని అడిగితే తప్పేముంది? పూజ నిర్మాల్యం మొక్కల మొదట్లో వేస్తే ఎరువవుతుంది. కోనేట్లో కవరుతో సహా వేస్తే పూలు కుళ్లినా కవరు అక్కడే ఉంటుంది.

పిల్లలకి సెలవులిచ్చినప్పుడు ఓ మెట్లబావికి తీసుకెళ్లండి. మెట్లు నిటారుగా ఉంటాయి, చిన్నవాళ్ల చెయ్యి వదలొద్దు. పులిహోర కట్టుకెళ్తే మాత్రం విస్తరాకులు, కవర్లు తిరిగి సంచీలోనే వేసుకోవాలి సుమా!